ఖాళీ చేసిన క్వార్టరుకు వచ్చిన ఉత్తరం

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సామాన్లు కట్టడం, స్కూల్లో టీసీ తీసుకోవడం, గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేయడం, కరెంటు బిల్లు కట్టి రసీదు దాచుకోవడం, చివరికి క్వార్టరు తాళాలు అప్పగించడం. ఎంత పద్ధతిగా చేసినా ఒక్కటి మాత్రం మన చేతిలో ఉండదు. పాత అడ్రసు ఇచ్చి మనం ఎప్పుడో పంపిన దరఖాస్తులకు జవాబులు ఇంకా దారిలోనే ఉంటాయి. మనం కొత్త ఊరు చేరాక అవి పాత క్వార్టరుకు వెళతాయి. ఇల్లు ఖాళీగా ఉంటే తలుపు కింద పడి ఉంటాయి. అప్పటికే ఇంకో కుటుంబం దిగి ఉంటే, మన ఉత్తరం వాళ్ల చేతిలో పడుతుంది.

సి భాషలో రాసిన ప్రోగ్రాముల్లో అచ్చం ఇలాంటిదే జరుగుతుంది. వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం అన్నమాట. ఇంగ్లీషులో దీన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. చూడటానికి చిన్న పొరపాటే. కానీ 2020లో గూగుల్ క్రోమియం బృందం తమ బ్రౌజర్‌లో బయటపడిన తీవ్రమైన భద్రతా లోపాలను లెక్క వేస్తే, వాటిలో సుమారు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవని తేలింది. ఆ 70 శాతంలో దాదాపు సగం ఈ ఒక్క రకానివే. క్రోమియం ఎక్కువగా సి ప్లస్ ప్లస్‌లో రాసినది, నిజమే. ఈ విషయంలో మాత్రం అన్నదమ్ములిద్దరిదీ ఒకే జబ్బు.

మనం 11, 12 తరగతుల్లో నేర్చుకునే పైథాన్‌లో ఈ బాధ కనిపించదు. ఒక లిస్టు తయారు చేస్తాం, వాడుకుంటాం, మరిచిపోతాం. దాని చోటును ఎవరు ఖాళీ చేశారని ఎప్పుడూ అడగం. మనం మామూలుగా వాడే పైథాన్‌ను సి భాషలోనే రాశారు. దానిలో ప్రతి వస్తువు లోపలా నా అడ్రసు ఎంతమంది దగ్గర ఉంది అనే లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క సున్నా కాగానే చోటు ఖాళీ అవుతుంది. అంటే పని లేకుండా పోలేదు, మన బదులు ఇంకొకరు చేస్తున్నారు. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారు చేసిన సి భాషలో ఆ ఇంకొకరు లేరు. చోటు అడగాల్సింది మనమే, తిరిగి అప్పగించాల్సిందీ మనమే. అడగడానికి మాలాక్ అనే ఫంక్షన్ ఉంది. ఇన్ని బైట్లు కావాలి అంటే అది ఒక అడ్రసు ఇస్తుంది. చోటు లేకపోతే నల్ అనే ఉత్త అడ్రసు ఇస్తుంది. పని అయ్యాక ఫ్రీ అనే ఫంక్షన్‌కు ఆ అడ్రసు చెబితే తాళాలు అప్పగించినట్టు.

ఇక్కడ తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రీ చేశామంటే ఆ చోటు తుడిచి శుభ్రం చేసినట్టు కాదు. క్వార్టరు ఖాళీ చేసినా గోడ మీద మన నేమ్‌ప్లేటు కొన్నాళ్లు అలాగే ఉన్నట్టు, పాత సమాచారం చాలావరకు అక్కడే ఉండిపోవచ్చు. మన డైరీలో రాసుకున్న అడ్రసు కూడా చెరిగిపోదు. ఆ అడ్రసుకు వెళితే తలుపు తెరుచుకుంటుంది కూడా. అందుకే తప్పు జరిగినా చాలాసార్లు ప్రోగ్రాము బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. ఇదే అసలు ప్రమాదం. ఇప్పుడే ఖాళీ అయిన చోటునే, అదే సైజు అడిగిన తర్వాతివాళ్లకు మాలాక్ తరచుగా ఇచ్చేస్తుంది. చెడ్డవాడు ఈ సంగతి తెలిసి సరిగ్గా ఆ సైజు చోటే అడిగి, అందులో తనకు కావాల్సిన అంకెలు నింపి కూర్చుంటాడు. మన ప్రోగ్రాము పాత అడ్రసుకు వెళ్లి, అక్కడున్నది తన సమాచారమే అనుకుని దాని ప్రకారం నడుచుకుంటుంది. అక్కడ తర్వాత ఏ ఫంక్షన్‌ను పిలవాలో రాసిపెట్టి ఉందనుకోండి, ఇక ప్రోగ్రాము పగ్గాలు వాడి చేతికి పోయినట్టే.

ఒకే చోటును రెండుసార్లు ఫ్రీ చేయడం ఇంకో రకం చిక్కు. మనం తాళాలిచ్చి వెళ్లాక కొత్తవాళ్లు దిగారు. మనం మళ్లీ వచ్చి ఆ క్వార్టరు ఖాళీ అయిందని రిజిస్టర్‌లో రాయించాం. ఆఫీసు దాన్ని మూడో కుటుంబానికి ఇచ్చేసింది. ఒకే ఇంట్లో రెండు కుటుంబాలు! ఫ్రీకి నల్ అడ్రసు ఇస్తే మాత్రం అది ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. అసలు ఫ్రీ చేయకుండా వదిలేయడం మరో రకం. తాళం వేసుకుని తాళాలు ఇవ్వకుండా వెళ్లిపోవడం లాంటిది. మన ఇళ్లలో అయితే దానికి పీనల్ రెంట్ పడుతుంది. ప్రోగ్రాములో అయితే మెమరీ కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, నెలల తరబడి ఆగకుండా నడవాల్సిన సర్వరు ఒకరోజు కూలబడుతుంది.

క్వార్టర్లతో పాటు ట్రాన్సిట్ గెస్ట్‌హౌస్ కూడా ఉంటుంది కదా. ఒక ఫంక్షన్ లోపల ప్రకటించిన లోకల్ వేరియబుల్స్‌కు దొరికేది అలాంటి గదే. ఫంక్షన్ నడుస్తున్నంతసేపే అది మనది. ఫంక్షన్ ముగియగానే ఎవరూ అడగకుండానే గది ఖాళీ అయిపోతుంది. ఫ్రీ చేయనక్కర్లేదు, ఆ సుఖం ఉంది. కానీ గెస్ట్‌హౌస్ గది నంబరు ఇచ్చి ఉత్తరం రాయమని ఎవరికీ చెప్పకూడదు.

గోటూ అనే చెడ్డపేరు పడ్డ మాట

ముందు తేలిక సంగతి చూద్దాం. ఒక ఫంక్షన్ వరసగా మూడు పనులు చేయాలి: చోటు తీసుకోవాలి, ఫైలు తెరవాలి, నెట్‌వర్క్ కనెక్షన్ తెరవాలి. మూడోది విఫలమైతే ఫైలు మూసి, చోటు వదలాలి. రెండోది విఫలమైతే చోటు మాత్రం వదలాలి. మొదటిదే విఫలమైతే ఏమీ వదలనక్కర్లేదు. సి ప్రోగ్రామర్లు దీన్ని గోటూతో రాస్తారు. ఫంక్షన్ చివర మెట్లలాంటి కొన్ని లేబుళ్లు ఉంటాయి. ఎక్కడ తప్పు జరిగితే దానికి తగిన మెట్టు మీదకు దూకుతారు. అక్కడి నుంచి ఎక్కిన వరసకు తిరగేసిన వరసలో దిగుతారు. గోటూ వాడొద్దని పుస్తకాల్లో చదివిన మనకు ఇది ఆశ్చర్యంగా ఉండొచ్చు. లినక్స్ కెర్నెల్ నిండా ఈ పద్ధతే ఉంది, అక్కడ అది మంచి అలవాటు.

అయితే ఆ మెట్ల మీదే ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ తన ఫోన్లకు హడావిడిగా ఒక అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. మనం తెరిచిన వెబ్‌సైటు నిజంగా అదేనా అని తేల్చే సి ఫంక్షన్‌లో వరసగా కొన్ని పరీక్షలు ఉన్నాయి. ప్రతి పరీక్ష కిందా తప్పైతే చివరికి దూకు అనే గోటూ లైను ఉంది. ఒకచోట ఆ లైను రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్ కిందికి వస్తుంది. రెండోది ఏ షరతూ లేకుండా నేరుగా చివరికి దూకేస్తుంది. అప్పటికి ఎర్రర్ వేరియబుల్‌లో సున్నా ఉంది, అంటే అంతా బాగుందని అర్థం. అసలు ముఖ్యమైన సంతకం పరీక్ష జరగనే లేదు, ఫంక్షన్ మాత్రం పాస్ అని చెప్పి వచ్చేసింది. శుభ్రం చేసే దారి సరిగ్గానే ఉంది. ఏ ఫలితం పట్టుకుని ఆ దారిలోకి వచ్చామన్నదే తప్పింది.

ఇదంతా ఒకే ఫంక్షన్‌లో మొదలై అందులోనే ముగిసే పని. మొదలు, చివర రెండూ కళ్ల ముందే ఉంటాయి. ఎసింక్రనస్ కోడ్‌లో ఆ చివర అనేది ఒకచోట ఉండదు.

కౌంటర్ దగ్గర నిలబడటం, దరఖాస్తు ఇచ్చి ఇంటికి రావడం

రిజర్వేషన్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడి టికెట్టు చేతికి వచ్చేదాకా కదలకుండా ఉండటం సింక్రనస్ పద్ధతి. దరఖాస్తు మీద అడ్రసు రాసి ఇచ్చేసి, జవాబు వచ్చేలోగా వేరే పనులు చూసుకోవడం ఎసింక్రనస్ పద్ధతి. జవాబు వచ్చినప్పుడు ఏ ఫంక్షన్‌ను పిలవాలో ముందే చెప్పి ఉంచుతాం. ఆ ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్ అంటారు. దీనికి చక్కని తెలుగు మాట ఎవరైనా తయారు చేస్తే సంతోషమే, ఇక్కడ మాత్రం కాల్‌బ్యాక్ అనే అందాం. వచ్చిన జవాబులను ఒక్కొక్కటే తీసి వాటి కాల్‌బ్యాక్‌లను పిలిచేది ఈవెంట్ లూప్. ఆఫీసులో టపా విప్పే గుమాస్తా అనుకోండి. ఒక్క గుమాస్తాతోనే వేల కనెక్షన్లు నడపవచ్చు కాబట్టి సర్వర్లకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. నోడ్ జేఎస్ కోసం సి భాషలో రాసిన లిబ్‌యూవీ అనే లైబ్రరీ చేసేది ఇదే. దాని నియమాలు స్పష్టంగా రాసి ఉన్నాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

మనకు బాగా అలవాటైన ప్రశ్నతో ఒక చిన్న ప్రోగ్రాము ఊహించండి: మన రైలు ఇప్పుడు ఎక్కడుంది? నంబరు ఇస్తే ప్రోగ్రాము ముందుగా సర్వరు పేరును బట్టి దాని నెట్‌వర్క్ అడ్రసు కనుక్కోవాలి. తర్వాత కనెక్ట్ కావాలి. ప్రశ్న పంపాలి. జవాబు చదవాలి. ఇవి నాలుగు మజిలీలు. పది సెకన్లలో తేలకపోతే ఇక చాలు అని చెప్పడానికి పక్కన ఒక టైమర్ కూడా నడుస్తుంది. ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య మన ఫంక్షన్ ముగిసిపోతుంది, లోకల్ వేరియబుల్స్ పోతాయి. అందుకని రైలు నంబరు, కనెక్షన్, టైమర్, ప్రశ్న, జవాబుకు చోటు, ఇవన్నీ ఒక స్ట్రక్చర్‌లో సర్ది దానికి మాలాక్‌తో చోటు తీసుకుంటాం. దాన్ని ట్రంకు పెట్టె అని పిలుద్దాం. ప్రతి కాల్‌బ్యాక్‌కూ ఈ పెట్టె అడ్రసు అందుతుంది.

మరి ఈ పెట్టెను ఎప్పుడు ఫ్రీ చేయాలి?

నాకు ఇక అవసరం లేనప్పుడు అన్నది సహజంగా తోచే జవాబు. అది తప్పు జవాబు. మనకు అవసరం ఉందా లేదా అన్నది కాదు, దాని అడ్రసు ఇంకా ఎవరి దగ్గరైనా ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. అడ్రసు మారిందని పోస్టాఫీసులో దరఖాస్తు ఇస్తే ఉత్తరాలు కొత్త అడ్రసుకు మళ్లిస్తారు. సి భాషలో అలాంటి ఏర్పాటు లేదు. దారిలో ఉన్న ఉత్తరం పాత గుమ్మం ముందుకే వస్తుంది.

మొదటి గుంట ప్రశ్న పంపే చోటే ఉంది. ప్రశ్నను ఒక లోకల్ వేరియబుల్‌లో తయారు చేసి పంపమని లిబ్‌యూవీకి అడ్రసు ఇచ్చారనుకోండి. అది ఆ అక్షరాలను తన దగ్గర నకలు రాసుకోదు, అడ్రసు మాత్రమే ఉంచుకుంటుంది. పంపడం పూర్తయిందని కాల్‌బ్యాక్ వచ్చేదాకా ఆ చోటు చెక్కుచెదరకుండా ఉండాలన్నది దాని నియమం. లినక్స్ మీద దారి ఖాళీగా ఉంటే అది అప్పటికప్పుడే పంపేయడానికి చూస్తుంది. అందువల్ల మన టేబుల్ మీద, మంచి నెట్‌తో, తప్పు కోడ్ కూడా వందసార్లు పాసవుతుంది. నెట్ నెమ్మదించిన రోజున మన ప్రశ్నకు బదులు ఏదో చెత్త సర్వరుకు పోతుంది.

రెండు రకాల వైఫల్యం

ఇక ఎర్రర్ల సంగతి. దరఖాస్తు ఇవ్వడానికి వెళితే రెండు రకాలుగా కాదనిపించుకోవచ్చు. ఫారం సరిగ్గా లేదని కౌంటర్‌లోనే తిప్పి పంపడం ఒకటి. తీసుకుని, కొన్ని రోజుల తర్వాత కుదరదని జవాబు రాయడం ఇంకొకటి. ఎసింక్రనస్ ఫంక్షన్లలోనూ ఇవే రెండు రకాలు. పని మొదలుపెట్టమని పిలిచిన వెంటనే రుణ సంఖ్య తిరిగొస్తే ఆ పని మొదలే కాలేదు, కాబట్టి దాని కాల్‌బ్యాక్ ఎన్నటికీ రాదు. పేరు వెతకడం, కనెక్ట్ కావడం, పంపడం లాంటి పనుల్లో సున్నా తిరిగొస్తే పని మొదలైంది, కాల్‌బ్యాక్ ఒకసారి తప్పక వస్తుంది. మంచిదైనా చెడ్డదైనా ఫలితం అందులోనే ఉంటుంది.

ఈ రెండింటినీ కలగలిపితే రెండు వైపులా దెబ్బే. కౌంటర్‌లోనే తిప్పి పంపినా జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆ కాల్‌బ్యాక్ రాదు, పెట్టె ఎప్పటికీ ఖాళీ కాదు. దరఖాస్తు తీసుకున్నాక కూడా ఏదో తేడాగా ఉందని పెట్టెను వదిలేస్తే, తర్వాత వచ్చే కాల్‌బ్యాక్ ఖాళీ ఇంట్లోకి వస్తుంది. లైబ్రరీ రాసేవాళ్లకు కూడా ఇక్కడ ఒక ధర్మం ఉంది. కాల్‌బ్యాక్‌ను కొన్నిసార్లు అప్పటికప్పుడే, కొన్నిసార్లు తర్వాత పిలిచే లైబ్రరీని నమ్మి కోడ్ రాయడం కష్టం. అవతలివైపు కనెక్షన్ వద్దన్న సంగతి తనకు వెంటనే తెలిసిపోయినా, లిబ్‌యూవీ దాన్ని దాచిపెట్టి తర్వాత కాల్‌బ్యాక్‌లోనే చెబుతుంది.

ఎర్రర్ నంబరును ఎక్కడ దాచాలన్నదీ ముఖ్యమే. సి లైబ్రరీ తన ఎర్రర్ నంబరును ఎర్నో అనే ఒక చోట ఉంచుతుంది. ఒక్కో థ్రెడ్‌కు అది ఒక్కటే. తర్వాత ఏ ఫంక్షన్‌ను పిలిచినా దాని మీద ఇంకో నంబరు పడొచ్చు. కాల్‌బ్యాక్ వచ్చాక ఎర్నో చూద్దామనుకుంటే అక్కడ ఇంకెవరి ఎర్రరో ఉంటుంది. లిబ్‌యూవీ ఈ గొడవ లేకుండా ఎర్రర్‌ను నేరుగా రుణ సంఖ్యగా చేతికి ఇస్తుంది. దాన్ని మన పెట్టెలోనే ఒక మూల రాసుకోవాలి.

పేరును బట్టి అడ్రసు కనుక్కునే మొదటి మజిలీలో ఇంకో చిన్న సంగతి ఉంది. ఆ అడ్రసుల జాబితాకు చోటు మనం తీసుకోలేదు, లైబ్రరీ తీసుకుని మనకు ఇచ్చింది. దాన్ని మామూలు ఫ్రీతో వదలకూడదు. అందుకోసం అదే లైబ్రరీ ఇచ్చిన వేరే ఫంక్షన్ ఉంది. స్టోర్స్‌లో తీసుకున్న కుర్చీని లైబ్రరీలో అప్పగిస్తే ఎవరి పద్దులోనూ లెక్క తేలదు కదా.

టైమర్ మోగింది, ఇప్పుడేం చేయాలి?

మొత్తం కథలో ఎక్కువమంది బోల్తాపడే చోటు ఇదే. పది సెకన్లయింది. సర్వరు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. టైమర్ కాల్‌బ్యాక్ వచ్చింది. సమయం మించిపోయిందని తెరమీద రాసి, పెట్టెను ఫ్రీ చేసి వెళ్లిపోదామనిపిస్తుంది. కానీ కనెక్షన్ ఇంకా తెరిచే ఉంది. జవాబును ఫలానా అడ్రసులో రాయమని లిబ్‌యూవీకి మనమే చెప్పాం. ఆ అడ్రసు పెట్టెలోనిది. పదకొండో సెకనులో జవాబు వచ్చిందంటే, అది వేరేవాళ్ల చోటులో రాసినట్టే.

అందుకని ముందు మూసేయమని చెప్పాలి. లిబ్‌యూవీలో మూసేయడం కూడా దరఖాస్తే! మూసేయమని చెప్పిన వెంటనే అది మూతపడదు. దారిలో ఉన్న కనెక్షన్ పని, పంపే పని ఏవైనా ఉంటే వాటి కాల్‌బ్యాక్‌లు రద్దయింది అనే కోడ్‌తో వస్తాయి. అవన్నీ వచ్చాక చిట్టచివర మూతపడింది అనే కాల్‌బ్యాక్ వస్తుంది. నో డ్యూస్ సర్టిఫికెట్ అంటే అదే. అది చేతికి రాకుండా తాళాలు ఇవ్వకూడదు.

ఇక్కడ రెండు సర్టిఫికెట్లు రావాలి. మన పెట్టెలో కనెక్షన్ ఒకటి, టైమర్ ఒకటి, రెండూ ఉన్నాయి. రెండింటినీ మూయాలి, రెండింటి మూతపడిన కాల్‌బ్యాక్‌లూ రావాలి. మొదటిది రాగానే ఫ్రీ చేస్తే రెండోది ఖాళీ చేసిన క్వార్టరుకు వచ్చిన ఉత్తరమవుతుంది. పైగా ఒకే దాన్ని రెండుసార్లు మూయమంటే లిబ్‌యూవీ ఒప్పుకోదు, ప్రోగ్రామునే ఆపేస్తుంది. టైమర్ మోగడమూ, కనెక్షన్ తెగిపోవడమూ ఒకదాని వెంట ఒకటి జరగవచ్చు. రెండు దారులూ ముగించు అనే ఒకే ఫంక్షన్‌కు రావాలి. ఆ ఫంక్షన్ ముందుగా చూడాల్సింది ఇదివరకే ముగింపు మొదలైందా అని.

మొదటి మజిలీలోనే టైమర్ మోగితే చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. పేరు వెతికే పనిని లిబ్‌యూవీ వేరే థ్రెడ్లకు అప్పగిస్తుంది. మామూలుగా అవి నాలుగు ఉంటాయి. ఆ పని ఇంకా వరసలోనే ఉంటే రద్దు చేయవచ్చు. ఒక థ్రెడ్ దాన్ని అందుకుందంటే రద్దు చేయమన్నా కుదరదని, పనిలో ఉందని కోడ్ వస్తుంది. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ఆగడం. వాడుకునేవాడికి సమయం మించిపోయిందని వెంటనే చెప్పేయవచ్చు, తప్పులేదు. పెట్టెను మాత్రం ఆ థ్రెడ్ పని ముగించి కాల్‌బ్యాక్ వచ్చేదాకా ఉంచాలి. లినక్స్ కెర్నెల్‌లోనూ ఇదే కథ. టైమర్‌ను ఆపడానికి అక్కడ రెండు రకాల ఫంక్షన్లు ఉన్నాయి. ఒకటి మోగకుండా తీసేస్తుంది, అంతే. రెండోది ఇప్పటికే మోగుతూ వేరే ప్రాసెసర్ మీద నడుస్తున్న టైమర్ ఫంక్షన్ పూర్తయ్యేదాకా ఆగుతుంది. మెమరీ వదలబోయే ముందు రెండోదే పిలవాలి.

ఇన్ని దారులను గుర్తుంచుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే లెక్క పెట్టాలి. పెట్టెలో ఒక అంకె ఉంచుతాం: ఇంకా రావాల్సిన ఉత్తరాలు ఎన్ని? పేరు వెతికే పని, కనెక్షన్ పని, పంపే పని మొదలై సున్నా తిరిగొస్తే ఒకటి కలుపుతాం. మూయమని చెప్పినప్పుడు ఒకటి కలుపుతాం. కౌంటర్‌లోనే తిప్పి పంపితే కలపం. మంచి వార్తైనా, ఎర్రరైనా, రద్దైనా, అలా లెక్కలో కలిపిన ప్రతిదాని కాల్‌బ్యాక్ చివరా ఒకటి తీసేస్తాం. ముగింపు మొదలై, అంకె సున్నాకు వచ్చినప్పుడు, ఆ ఒక్కచోట మాత్రమే ఫ్రీ. ప్రోగ్రాము మొత్తం మీద పెట్టెను ఫ్రీ చేసే లైను ఒక్కటే ఉండాలి. పైథాన్ ప్రతి వస్తువుకూ రహస్యంగా చేస్తున్న లెక్కను ఇక్కడ మనం ఒక పెట్టెకు చేతితో చేస్తున్నామన్నమాట.

ఎర్రర్‌కు వేరే దారి, విజయానికి వేరే దారి అని పెట్టుకోకపోవడం ఈ పద్ధతిలో నాకు నచ్చే గుణం. జవాబు బాగా వచ్చినా ముగించు దగ్గరకే, రాకపోయినా ముగించు దగ్గరకే. ఏడాదికొకసారి నడిచే దారిలో గుంటలు ఎవరికీ కనిపించవు. రోజూ నడిచే దారిలో కనిపిస్తాయి. తేడా అంతా పెట్టెలో రాసుకున్న ఎర్రర్ నంబరులోనే ఉంటుంది. ఆ నంబరు మొదటిదై ఉండాలి. సమయం మించిపోయి మనం మూస్తే, తర్వాత వరసగా రద్దయింది, రద్దయింది అని కోడ్‌లు వస్తాయి. వాటిని మొదటిదాని మీద రాసేస్తే, వాడుకునేవాడికి అసలు కారణం ఎప్పటికీ తెలియదు.

ముగింపుకు కొత్తగా మెమరీ అడగాల్సిన అవసరం ఉండకూడదన్నది ఇంకో జాగ్రత్త. మెమరీ లేదనే ఎర్రర్ వచ్చినప్పుడు, దాన్ని సరిదిద్దడానికి మళ్లీ మాలాక్‌ను పిలిస్తే ఏం లాభం? బయలుదేరేటప్పుడే తిరుగు ప్రయాణం టికెట్టు కూడా తీసుకున్నట్టు, మూయడానికి కావాల్సిన చోటంతా పెట్టెలో ముందే ఉండాలి. లిబ్‌యూవీ మూసే ఫంక్షన్ ఏ విలువా తిరిగి ఇవ్వదు, అంటే అది విఫలం కాలేదు. దానికి కావాల్సిన చోటు మనమిచ్చిన పెట్టెలోనే ఉంటుంది కాబట్టే అలా రాయగలిగారు.

ఫ్రీ చేశాక పాయింటర్‌లో నల్ పెట్టమని చాలామంది చెబుతారు. పెట్టండి, మంచిదే. కానీ అది మన డైరీలో ఒక పేజీ చింపడమే. అదే అడ్రసు టైమర్ దగ్గరా, కనెక్షన్ దగ్గరా, పేరు వెతుకుతున్న థ్రెడ్ దగ్గరా రాసి ఉంటే ఆ పేజీలు అలాగే ఉంటాయి.

తప్పును పట్టుకోవడం

కంటితో చూసి ఇవన్నీ పట్టుకోలేం. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో అడ్రస్ శానిటైజర్ అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి కంపైల్ చేస్తే, ఫ్రీ చేసిన చోటును వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతకాలం సీలు వేసి పక్కన పెడుతుంది. ఆ చోటును ఎవరు ముట్టుకున్నా ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపి మూడు సంగతులు చెబుతుంది: ఇప్పుడు ముట్టుకున్నది ఏ లైను, ఫ్రీ చేసినది ఏ లైను, మొదట తీసుకున్నది ఏ లైను. ప్రోగ్రాము సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, అంతే. సి నేర్చుకునేవాళ్లు మొదటి రోజు నుంచే దీన్ని ఆన్ చేసి ఉంచుకోవాలని నా అభిప్రాయం.

అయితే నడవని దారిలో తప్పును శానిటైజర్ కూడా పట్టలేదు. ఎర్రర్ రావాలి కదా! దీనికి అందరికంటే ఓపిగ్గా జవాబు చెప్పినవాళ్లు ఎస్‌క్యూలైట్ బృందం. దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉండే ఈ చిన్న డేటాబేస్‌ను సి భాషలోనే రాశారు. వాళ్లు పరీక్షల కోసం ఒక మోసపు మాలాక్‌ను తయారు చేసుకున్నారు. మొదటిసారి నడిపినప్పుడు అది మొదటి అడుగులోనే చోటు లేదంటుంది. మళ్లీ నడిపితే మొదటిసారి ఇచ్చి, రెండోసారి లేదంటుంది. తర్వాత మూడోసారి. ఇలా ఒక్కో అడుగు జరుపుకుంటూ, ఎక్కడా లేదనకుండా పరీక్ష పూర్తయ్యేదాకా నడుపుతారు. ప్రతిసారీ ప్రోగ్రాము కూలకుండా, చోటు పోగొట్టకుండా, సరైన ఎర్రర్ చెప్పిందా అని చూస్తారు.

మన రైలు ప్రోగ్రాముకు కూడా ఇదే చేయవచ్చు. ల్యాబ్‌లో లినక్స్ ఉంటే శానిటైజర్ ఆన్ చేసి కంపైల్ చేయండి. టైమర్‌ను పది సెకన్ల నుంచి ఒక మిల్లీసెకనుకు తగ్గించండి, మొదటి మజిలీలోనే మోగుతుంది. తర్వాత ఐదు, ఇరవై, వంద మిల్లీసెకన్లు పెట్టి చూడండి, ఒక్కోసారి ఒక్కో మజిలీ మధ్యలో మోగుతుంది. సర్వరు పేరు తప్పుగా ఇవ్వండి. జవాబు వస్తుండగా కేబుల్ పీకండి. తెరమీద ఎర్ర అక్షరాలు వస్తే, పైనున్న లైను చూసి ఆగిపోకండి. కింద రెండో భాగంలో, ఫ్రీ చేసినది ఎవరో రాసి ఉన్న చోటు దగ్గర వెతకడం మొదలుపెట్టండి. చాలాసార్లు అక్కడ కనిపించేది మూతపడిన కాల్‌బ్యాక్ కోసం ఆగకుండా వెళ్లిపోయిన టైమరే.